కింద అక్షరాలు వచ్చే పెట్టె

భివండి, శాంతి నగర్
శ్రావణం, రెండో శుక్రవారం

చెల్లె లక్ష్మీకాంతానికి,

అన్న సిద్ధిరాములు దీవెనలు. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగున్నాం. చేతిలో ఫోన్ ఉండగా ఈ ముసలోడికి ఇదేం బుద్ధి అనుకుంటావు. ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదు. పైగా మా ఇంట్లో ఒకరి ఫోన్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. తెలుగు అక్షరం చదవగలిగేది మాత్రం నేనొక్కణ్ణే. కొడుకు మహేంద్రది మరాఠీ బడి, కోడలు శృతిది హిందీ బడి, మనవరాలు కాజల్‌ది ఏ బడో దానికే తెలియాలి, మూడు భాషలు ఒకే వాక్యంలో మాట్లాడుతుంది. ఈ కాగితం టీవీ ముందు పరిచిపెట్టినా మన మాట మన మధ్యే ఉంటుంది.

సంగతి టీవీ గురించే. నువ్వూ బావ కనకయ్యా కోరుట్లలో ఇంటింటికీ కేబుల్ వైరు లాగి బతుకుతున్నవాళ్ళు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. మహేంద్ర హాల్లోకి పెద్ద టీవీ కొన్నాడు. కేబుల్ తీసేసి, ఇంటర్నెట్‌తో నడిచే పెట్టె పెడతానంటున్నాడు. వాడి ముందు రెండు పెట్టెలున్నాయి. ఒకటి నెట్ కంపెనీవాళ్ళే కనెక్షన్‌తో ఇచ్చేది. దాని రిమోట్‌తో నోటితో మాట్లాడితే చాలట. రెండోది దుకాణంలో విడిగా కొనుక్కునే చిన్న పెట్టె. కాల్హేర్ గోడౌన్‌లో వాడితో పనిచేసేవాళ్ళలో సగం మంది దీన్ని, సగం మంది దాన్ని మెచ్చుకుంటున్నారట.

నాకు కావలసింది ఒకటే. బొమ్మ కింద మాటలు అక్షరాలుగా రావాలి. హిందీలో వచ్చినా సరే. కాజల్‌కు చదవడం అలవాటవుతుందని నా ఆలోచన. ఏ పెట్టెలో ఆ అక్షరాలు పెద్దగా, ఎవరినీ అడగకుండా వాటంతటవే వస్తాయో రాయి.

ఇంకో మాట. సౌండు విషయంలో ఇంట్లో రోజూ గొడవే. "బాపూ, తగ్గియ్యి, బిల్డింగంత వింటున్నరు" అని మహేంద్ర అంటాడు. చివరికి ఏం తేల్చారంటే, పాత టీవీని పాత కేబుల్ పెట్టెతో సహా పోటమాలా మీద పెడతారట. హాల్లో సగం మేర చెక్కలతో వేసిన అటక అది. ఉల్లిగడ్డల బుట్ట, పాత పరుపులు ఉంటాయి. "మామా, పైన నీ ఇష్టమున్నట్టు చూసుకో" అన్నది శృతి, చేత్తో నిచ్చెన చూపిస్తూ. పిల్ల మంచిదే, నా సుఖం కోసమే అన్నది. కానీ నేను పైన, వాళ్ళు కింద. దసరాకు కొత్త పెట్టె వస్తుంది. ఆలోపు నీ జవాబు రావాలి.

నీ అన్న,
సిద్ధిరాములు


కోరుట్ల
శ్రావణం చివర

అన్నా,

పోస్టుమాన్ నీ కవరు తెచ్చి, "ఏదన్న కోర్టు నోటీసా అమ్మా" అని అడిగాడు. ఈ గల్లీలో చేత్తో రాసిన ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. మీ బావ విప్పి చూసి, "మన కేబుల్ మూతపడే కాలంల, కేబుల్ తీసేసుడెట్లనో మనల్నే అడుగుతుండు చూడు మీ అన్న" అని నవ్వాడు. నిజమే. కట్టెలమ్మేవాణ్ణి గ్యాస్ స్టవ్వు గురించి అడిగినట్టుంది.

అడిగావు కాబట్టి చెప్తాను. మాటల రిమోటుకు మోసపోవద్దు. నెట్ కంపెనీ పెట్టెలో ఛానళ్ళూ సినిమాలూ ఒకేచోట దొరుకుతాయి, బిల్లు ఒక్కటే వస్తుంది, ఇంట్లో ఆడవాళ్ళకు సులువు. కానీ అక్షరాలు పెట్టుకోవాలంటే లోపల ఎక్కడో వెతకాలి, వచ్చినా చీమల బారులా ఉంటాయి. దుకాణం పెట్టెలో అక్షరాల సైజూ రంగూ మన ఇష్టం. చెవుల్లో పెట్టుకునే వైరులేని ఇయర్‌ఫోన్ కూడా దానికి కలుస్తుంది. మా షాపులో రెండూ పెట్టి చూశాను. నీకు కావలసింది రెండోదే.

అయితే కాజల్ చదువు కోసం టీవీ కింద అక్షరాలెందుకన్నా? బడి పుస్తకం చాలదా? కాజల్ ఎనిమిదో తరగతి కదా, ఇప్పుడు అఆలు దిద్దుతుందా? సరే, నీ మనవరాలు, నీ ఇష్టం.

ఫోన్‌లో నీకు సరిగా చెప్పుకోలేకపోయాను. మా ఆర్తి పెళ్ళి విషయంలో నువ్వు అన్న మాటతో నా గుండె మీది బండ దిగింది. పిల్లవాడు మరాఠీవాడని, మన కులం కాదని, మాట తెలియని అల్లుడితో నేనెట్ల వేగాలని మీ బావ మూడు నెలలు అన్నం సరిగా తినలేదు. నేను నీకు ఫోన్ చేసి అంతా చెప్పాను. నువ్వు "మంచిది, మంచిది" అన్నావు. నీ మాట నేను మీ బావకు చెప్పాను. "వాళ్ళ మధ్యల బతికినోడు, మేనమామ, ఆయనే మంచిదన్నంక నాదేముంది" అని ఆయన మెత్తబడ్డాడు. నువ్వు కాక ఇంకెవరు చెప్పినా వినేవాడు కాదు. దీపావళి తర్వాత పూలుపండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకుందామనుకుంటున్నాం. ఆర్తి అయితే "మామ ఒక్క మాటతోని తేల్చిండు" అని ఎగిరి గంతేసింది.

నీ చెల్లె,
లక్ష్మీకాంతం


భివండి, శాంతి నగర్
భాద్రపదం, వినాయకుల నిమజ్జనం అయిన మర్నాడు

చెల్లె,

నీ ఉత్తరం అందింది. పెట్టెల గురించి బాగా రాశావు. కోర్టులో వకీలు కూడా అంత విడమరచి చెప్పడు.

పక్కింటి భూషణ్ నెట్ కంపెనీ పెట్టె పెట్టించుకున్నాడు. చూద్దువు రమ్మని పిలిచి రిమోట్ నా చేతికిచ్చాడు. "కాకా, బోలో నా, ఏం కావాలె?" అన్నట్టు చెయ్యి తిప్పాడు. నేను "పాత సినిమా" అన్నాను. అది వంటల ప్రోగ్రాం పెట్టింది. మళ్ళీ గట్టిగా అన్నాను. ఈసారి ఏదో ప్రశ్న వేసినట్టుంది, గదిలో అందరూ నా వంక చూస్తున్నారు. నేను నవ్వి రిమోట్ తిరిగి ఇచ్చేశాను. ఆ పెట్టెకు చెవులున్నాయి చెల్లె, అదే చిక్కు. మనం దానితో మాట్లాడాలి, అది మనతో మాట్లాడుతుంది. మనిషితో వేగడమే కష్టంగా ఉంటే పెట్టెతో ఎక్కడ వేగుతాం?

మహేంద్ర మాత్రం దానివైపే మొగ్గుతున్నాడు, కనెక్షన్‌తో వస్తుంది కదా అని. దుకాణం పెట్టె కొందామంటే "ఎందుకు బాపూ, దాంట్ల ఏమున్నది గొప్ప" అని అడుగుతాడు. కాజల్ చదువు అని చెప్తే అందరూ నవ్వారు. కాబట్టి ఒక సాయం చెయ్యి. కేబుల్ నడిపేదానివి, నువ్వు చెప్తే వాడు వింటాడు. ఆ పెట్టే మేలని, బొమ్మ స్పష్టంగా ఉంటుందని, కరెంటు తక్కువ తీసుకుంటుందని, ఏదో ఒకటి చెప్పు. అక్షరాల సంగతి ఎత్తకు. ఒకసారి పెట్టె ఇంట్లోకి వచ్చిందంటే అక్షరాలు నేనే చూసుకుంటాను.

నేను బట్ట నేసిన సాంచాలు, ఆ మరమగ్గాలన్నీ పాత ఇనుము కింద భంగారుకు పోయిన తర్వాత నాకు పగలంతా పని లేదు. కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు ఎవరో అట్టపెట్టెల దుకాణం పెట్టారు. పొద్దున ఒకసారి అటు నడిచి వస్తాను. రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునే ఆ కాసేపే నాకు రోజు. పోటమాలా శుభ్రం చేయడం మొదలుపెట్టారు.

ఆర్తి సంగతి నువ్వు రాసింది చదివాను. పెద్దవాళ్ళు మీరున్నారు, ఆలోచించే చేస్తారు. బావను అడిగినట్టు చెప్పు.

నీ అన్న


కోరుట్ల
పితృపక్షం

అన్నా,

ఈ ఉత్తరం షాపులో కూర్చుని రాస్తున్నాను. మీ బావ ఇంట్లో ఉన్నాడు.

ఆర్తి గురించి అంత పెద్ద సంగతి రాస్తే నువ్వు రెండు ముక్కల్లో దులిపేశావు. మంచిదన్న మనిషి రాయాల్సిన రాత కాదది. నాకు అనుమానం వచ్చింది. పెట్టెకు చెవులున్నాయని రాశావు, ఆ మాట కూడా గుచ్చింది.

అందుకే పోయిన ఆదివారం ఫోన్ చేశాను. గుర్తుందా? "అన్నా, మా షాపు కాలిపోయింది" అన్నాను. నువ్వు "తిన్నం, తిన్నం" అన్నావు. "మీ బావ కరెంటు స్తంభం మీదికెళ్ళి పడ్డడు" అన్నాను. నువ్వు "మంచిది, మంచిది. పిల్లలు బాగున్నరు. ఉంట మరి" అని ఫోన్ పెట్టేశావు.

షాపు కాలలేదు. మీ బావ పడలేదు, ఇప్పుడే రెండో ప్లేటు ఉప్మా తిని పడుకున్నాడు. నువ్వు మాత్రం ప్రతి ఆదివారం అవే నాలుగు మాటలు, అదే వరసలో చెప్తున్నావని ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. నేను తిన్నావా అని అడిగినా అడగకపోయినా ముందు "తిన్నం" అంటావు.

ఎప్పటి నుంచి అన్నా? ఆర్తి గురించి నేను చెప్పిన రోజు నీకు ఒక్క ముక్కయినా వినపడిందా?

లక్ష్మీకాంతం


భివండి, శాంతి నగర్
పితృపక్షం, అమావాస్య ముందు

చెల్లె,

వినపడలేదు.

ఎప్పటి నుంచి అంటే చెప్పలేను. కార్ఖానాలో సాంచాలు నడుస్తుంటే ఎవరికీ వినపడదు, కాబట్టి ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో తేడా తెలియదు. అందరం అరుపులతో, చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని. రెండు చూపుడువేళ్ళు కలిపి విడదీస్తే దారం తెగిందని. మిగతాది పెదవులు చూసి పట్టుకునేవాళ్ళం. ఉన్నట్టుండి కరెంటు పోతే సాంచాలన్నీ ఆగిపోయేవి, మేం మాత్రం అరుస్తూనే ఉండేవాళ్ళం, ఒకరినొకరం చూసి నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వుల మధ్య నా చెవులు ఎప్పుడు పోయాయో నేను గమనించలేదు.

ఇంట్లో మీ వదిన ఉండేది. నా ముఖంలో ముఖం పెట్టి మాట్లాడేది. అది ప్రేమ అనుకున్నాను, ప్రేమే, కానీ అవసరం కూడా అని ఆమె పోయాకే తెలిసింది. కార్ఖానాలో హిందీ, మరాఠీ నడిచేవి, అవి పెదవుల మీద చదవగలను. తెలుగు మాత్రం ఆమె ముఖం మీద తప్ప ఇంకెవరి ముఖం మీదా నాకు సరిగా అందదు, ఇంట్లో రోజూ అనే మాటలైతే ఊహించుకుంటాను. బావ మీసాల వెనక ఏమంటాడో ఎన్నేళ్ళుగానో నాకు తెలియదు. ఆయన నవ్వితే నేనూ నవ్వుతాను. కోపగించుకోవద్దని చెప్పు. వద్దు, ఏమీ చెప్పకు.

మహేంద్రకు తెలియనివ్వలేదు. మొండితనంతో సౌండు పెంచుతున్నానని వాడి కోపం. ఆ కోపమే నయం. మొండివాడితో జనం పోట్లాడతారు, చెవిటివాడితో మాట్లాడటమే మానేస్తారు. మా గల్లీ దత్తాత్రి సంగతి చూశాను. ఆయనకు వినపడదని తెలిసిన రోజు నుంచి ఇంట్లోవాళ్ళు ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకుంటారు. పళ్ళెం పెడతారు, తీస్తారు. చెల్లె, నాకు భయంగా ఉంది. అందుకే ఆ అక్షరాల పెట్టె. కింద చదువుకుంటూ నలుగురితో పాటు నవ్వే చోట నవ్వితే, నేను అక్కడే ఉన్నట్టు లెక్క.

ఇక ఆర్తి సంగతి. నీతో అబద్ధం ఆడను. నువ్వు చెప్పింది ఆ రోజు విని ఉంటే, వద్దనేవాణ్ణి. వాళ్ళ మధ్య ఇన్నేళ్ళు బతికాను, వాళ్ళు మంచివాళ్ళే. కానీ బేరం వేరు, బంధుత్వం వేరు. మన పిల్ల ఇంకో భాషలో ఏడవాలా అని అనేవాణ్ణి. ఇప్పుడేం చెయ్యాలో నాకు తోచడం లేదు.

మహేంద్రకు మాత్రం రాయకు, ఫోన్ చేసి చెప్పకు. ఎవరినీ అడగకుండా అక్షరాలు చూపించే పెట్టె ఏదన్నా ఉంటే అది చెప్పు, చాలు.

సిద్ధిరాములు


కోరుట్ల
బతుకమ్మ మొదలైన వారం

అన్నా,

అలాంటి పెట్టె లేదు.

ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. అక్షరాలు పెట్టెలో ఉండవు. సినిమా ఇచ్చేవాళ్ళు వాటిని పెడితేనే వస్తాయి. పెట్టె చేసేదల్లా వాటిని పెద్దవిగానో చిన్నవిగానో చూపడం. శృతి చూసే రోజువారీ సీరియల్‌కు చాలావరకు ఉండవు, వార్తలకు అసలే ఉండవు. ఉన్నవాటికి కూడా ఎవరో ఒకరు పెట్టాలి, అవి బొమ్మ మీద అందరికీ కనపడతాయి, ఇవెందుకని అందరూ అడుగుతారు. ఏది చూడాలో కూడా నీ కోసం నలుగురూ ఎంచాలి. ఏ పెట్టె తెచ్చినా నువ్వు నోరు విప్పి ఒక మాట చెప్పక తప్పదు. చెవులు పోయాయి కానీ నోరు ఉంది కదా.

నాకు కోపంగా ఉంది. నీ చెవుల మీద కాదు. నీ "మంచిది" తీసుకుని నేను మా ఇంట్లో యుద్ధం గెలిచాను. అది ఉత్త గాలి అని ఇప్పుడు తెలిసింది. రాత్రి మీ బావ పక్కన కూర్చుని అన్నం తింటుంటే దొంగతనం చేసినట్టుంది. ఆయనకు చెప్తే ఈ పెళ్ళి ఆగిపోతుంది. చెప్పకపోతే ఆయన్ను మోసం చేసినదాన్నవుతాను. దీపావళి దగ్గర పడుతోంది.

చెవిటివాడితో మాట్లాడటం మానేస్తారన్నావు. మరి వినకుండా జవాబు చెప్తూ వచ్చిన నువ్వు చేసిందేమిటి? ఏడాదిగా నేను గోడతో మాట్లాడుకున్నాను. నువ్వే ముందు మానేశావు అన్నా.

ఆర్తికి ఒక్కదానికి నిజం చెప్పాను. ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, "అయితే మామను అసలు అడగనే లేదు మనం. ఇప్పుడు అడుగుదాం" అన్నది. ఆ పిల్లవాడు, శుభమ్, నిజామాబాద్ బ్యాంకులో దానితో పనిచేస్తాడు, ఊరు నాందేడ్. దసరా తర్వాత ఏదో ట్రైనింగుకు ఠాణేకు వస్తున్నాడు. ఒక ఆదివారం మీ ఇంటికి పంపుతున్నాను. చూడు. చూసి ఏదనిపిస్తే అది రాయి. వద్దంటే వద్దనే రాయి, అది నేను మీ బావకు చదివి వినిపిస్తాను. మంచిదన్నా అంతే.

అప్పటిదాకా ఆదివారాలు ఫోన్ చేయను.

లక్ష్మీకాంతం


భివండి, శాంతి నగర్
కార్తీకం దగ్గర పడింది

చెల్లె,

ఈ ఉత్తరం బావకు చదివి వినిపించవలసింది కాబట్టి శుభ్రంగా రాస్తున్నాను. ముందు బావకు నమస్కారం.

దసరాకు పెట్టె రాలేదు. నెట్ కంపెనీవాళ్ళు రేపు రేపు అంటూ తిప్పి, మొన్న ఆదివారం పొద్దున తెచ్చి బిగించారు. మాటల రిమోటుదే. పోటమాలా మీద నా పరుపూ పాత టీవీ కూడా సర్దేశారు. మహేంద్ర ఆ రిమోటుతో మాట్లాడుతూ హాల్లో తిరుగుతున్నాడు. అప్పుడు ఆ పిల్లవాడు మాన్కోలి నాకా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో నారింజ పండ్ల సంచి. ఆర్తి బ్యాంకులో తనతో పనిచేస్తుందని, ఠాణేకు వచ్చి పెద్దవాళ్ళను పలకరించి పోదామనుకున్నానని చెప్పాడట. ఆ చెప్పడం నేను చూడలేదు, శృతి తర్వాత చెప్పింది.

లోపలికి వచ్చి సోఫాలో కూర్చోలేదు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నాకు ఎదురుగా, కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేట్టు కూర్చున్నాడు. మీసం లేదు. బావకు అది నచ్చకపోవచ్చు, నాకు మాత్రం చాలా సౌకర్యంగా ఉంది. మరాఠీలో మాట్లాడాడు. అరవలేదు చెల్లె. చెవిటివాళ్ళ దగ్గర అందరూ అరుస్తారు, అరిస్తే పెదవులు వంకరపోయి ఏమీ అందదు. వాడు మామూలుగా, తొందర లేకుండా మాట్లాడాడు. నేను ఏ సాంచాల మీద పనిచేశానో, ఏ బట్ట నేశానో అడిగాడు. వాళ్ళ తాత నాందేడ్‌లో మిల్లు కార్మికుడట, మిల్లు మూసేశాక ఎన్నాళ్ళో పొద్దున్నే లేచి డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్ళి వచ్చేవాడట. నేను మా కార్ఖానా వైపు నడిచి వస్తానని చెప్పాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ప్రతి మాటా నాకు అందింది. ఎన్నాళ్ళకో ఒక మనిషితో పూర్తిగా మాట్లాడాను.

మహేంద్ర రిమోటు కింద పెట్టి నన్నే చూస్తున్నాడు. నాన్న ఇంత సూటిగా జవాబులు చెప్పడం వాడు చూసి చాలా కాలమైంది. వాడు నా వెనక్కి వెళ్ళి ఏదో అడిగాడట, నేను తిరగలేదు. మళ్ళీ అడిగాడట. శుభమ్ ఒకసారి వాణ్ణి చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. వాడికి అంతా తెలుసు, ఆర్తి చెప్పే పంపింది. ఒక్క మాట చాలు నా గుట్టు బయటపడటానికి. వాడు ఆ మాట అనలేదు. అబద్ధం కూడా ఆడలేదు. ఊరికే నా ముఖం చూస్తూ ఆగాడు. అది నేను చెప్పుకోవలసిన మాట అని వదిలేశాడు.

అప్పుడు నేను వెనక్కి తిరిగాను. "మహేంద్రా, నాకు వినబడుత లేదురా. చానా రోజులాయె. ముంగట నిలబడి మాట్లాడితెనే నాకు తెలుస్తది" అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. కాజల్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది కాబట్టి గట్టిగానే వచ్చి ఉంటుంది.

మహేంద్ర పెదవులు కదిలాయి కానీ వాడు ఏడుస్తున్నాడు, చదవలేకపోయాను. శృతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల తండ్రి కూడా సాంచాల మీద బతికినవాడే అని నేను మరిచిపోయాను. రెండు చూపుడువేళ్ళు కలిపింది, విడదీసింది. దారం తెగింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ నలిపింది. ముడెయ్యి. కార్ఖానాలో రోజుకు ఎన్నిసార్లు చేసేవాళ్ళమో. చిన్నప్పుడు తండ్రికి అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి నేర్చుకుందట. నాకు దుఃఖం ఆగలేదు. పోటమాలా అంటే భయపడి ఇన్నాళ్ళు నోరు మూసుకున్నానే, ఇంట్లోనే నా భాష తెలిసిన మనిషి ఉంటే గుర్తించలేదు.

నెట్ కంపెనీ పెట్టె వెనక్కి పోయింది. దుకాణం పెట్టె వచ్చింది. అక్షరాలు పెద్దవి, పసుపు రంగువి. హీరోయిన్ ముఖం కనపడటం లేదని కాజల్ రెండు రోజులు సణిగింది. ఇప్పుడు సీరియల్‌కు అక్షరాలు రాకపోతే తనే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరు ఎవరిని ఎందుకు తిడుతున్నారో హిందీలో చెప్తోంది, కథ కంటే అదే బాగుంది. పై వారం శృతి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. పాత టీవీ పోటమాలా మీదే ఉంది, ఉల్లిగడ్డలకు తోడుగా.

ఇప్పుడు బావకు. బావా, ఆ రోజు నేను వినకుండా మాట ఇచ్చాను. అది మాట కాదు, దాన్ని పక్కన పెట్టు. నా చెల్లె తప్పు ఇందులో లేదు, ఆ రోజు దానికీ తెలియదు. విని ఉంటే నేను వద్దనేవాణ్ణి. భాష తెలియని అల్లుడితో ఎట్ల వేగాలని నీ బాధ. నువ్వూ నేనూ ఒకే భాషవాళ్ళం, ఎన్నేళ్ళుగానో నువ్వు నాతో ఏమన్నావో నాకు తెలియదు. ఆ పిల్లవాడి భాష వేరు, వాడు చెప్పింది ఒక్కటీ పోలేదు. ఎదుటివాడికి అందేదాకా మాట్లాడే మనిషి, ఎదుటివాడు చెప్పుకునేదాకా ఆగే మనిషి. మన పిల్ల ఏ భాషలో ఏడ్చినా వాడికి తెలుస్తుంది. ఇది మేనమామగా, కళ్ళతో చూసి, చేత్తో రాస్తున్నాను.

మంచిది.

సిద్ధిరాములు


కోరుట్ల
కార్తీకం, మొదటి సోమవారం

అన్నా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ముందు నిజం చెప్పాను, తర్వాత చదివాను. నిజం విన్నాక కాసేపు నా వంక చూడలేదు.  చదవడం అయిపోయాక, "గీసారన్న విని చెప్పిండా మీ అన్న?" అని అడిగాడు.

"వినలే. చూసి చెప్పిండు" అన్నాను.

లేచి వెళ్ళి షాపు షట్టర్ దించి వచ్చాడు. పూలుపండ్లకు ఏ రోజు బాగుందో పంతులును అడగమన్నాడు. రాత్రి అద్దం ముందు నిలబడి మీసాలు అటూ ఇటూ లాగి చూసుకుంటున్నాడు. "మీ అన్నకు కానరావాల్నంటె ఎంత కత్తిరియ్యాలె?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ మీసం, నేను అడిగితే ఒక్క వెంట్రుక తీయలేదు.

ఆర్తి నిన్ను కొట్టాలని ఉందన్నది, కాళ్ళు మొక్కాలని కూడా ఉందన్నది. వచ్చినప్పుడు రెండిటికీ సిద్ధంగా ఉండు. మేనమామ చీర మరిచిపోకు.

ఈ ఆదివారం నుంచి మళ్ళీ ఫోన్ చేస్తాను. శృతికి ఇయ్యకు, నువ్వే ఎత్తు. నీ నాలుగు మాటలు అదే వరసలో చెప్పు. నువ్వు వినకపోయినా, నీ గొంతు నేను వింటాను కదా.

నీ చెల్లె,
లక్ష్మీకాంతం